అటు కన్ను ఇటు

విద్యాసాగర్ పేరులో సముద్రం ఉంది. అతని బావమరిది రత్నాకర్ పేరులోనూ సముద్రమే ఉంది. ఇలా వంశానికి రెండు సముద్రాలున్నా, నాంపల్లి స్టేషను వెనక సందులో రెండో అంతస్తులో ఉండే ఆ ఇంట్లో సముద్రం మొహం చూసినవాళ్ళు మొన్నటిదాకా ఒక్కరూ లేరు.

చూడాలన్న కోరిక అనసూయది. పెళ్ళైన కొత్తలో అడిగింది. కూతురు పుట్టాక అడిగింది. కూతురు హాస్టలుకు పోయాక మళ్ళీ అడిగింది. అడిగినప్పుడల్లా మొగుడి దగ్గర ఒకటే జవాబు, కొట్టు మూస్తే ఎట్లా అని. అతనికి అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు దగ్గర్లో కళ్ళద్దాల షాపుంది. తాను రెండు రోజులు కనబడకపోతే ఊరు ఊరంతా గోడలకు గుద్దుకుంటుందని అతని నమ్మకం.

అలాంటి మనిషి ఒక ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేస్తూ ఒక ఇంగ్లీషు పుస్తకం కొనుక్కొచ్చాడు. అట్ట మీద ఒక దొర తనకంటే పొడుగున్న బల్లపరుపు చేపను పట్టుకుని పళ్ళికిలిస్తున్నాడు. దాని పేరు హాలిబట్. చలి దేశాల్లో జనం సరదాకి పడవలేసుకుని పోయి దాన్ని గాలంతో పడతారట. పుట్టినప్పుడు దానికీ అందరిలాగే అటొక కన్ను ఇటొక కన్ను ఉంటాయట. పెరిగేకొద్దీ ఒక కన్ను మెల్లగా జరుగుతూ రెండో దాని పక్కకు వచ్చేస్తుందట. కళ్ళ మీద బతికే విద్యాసాగర్‌కు ఈ ముక్క చదివాక నిద్ర కరువైంది.

పక్కకొట్టు ఫణికుమార్ ఆ నిప్పుకు ఇంత ఊదాడు. మన బంగాళాఖాతంలోనూ దాని చుట్టాలుంటాయనీ, భీమిలిలో పడవ మాట్లాడుకుంటే చాలనీ చెప్పాడు. ఫణికుమార్ జన్మలో చేప పట్టలేదు. చెప్పడానికి పట్టాలని ఎక్కడా లేదు కదా.

గాలం కర్ర వచ్చింది. దానికి దారం చుట్టుకునే చక్రం వచ్చింది. మేడ మీద సాధన మొదలైంది. మొదటి విసురుకు పక్కింటివాళ్ళ చీర పడింది, రెండో విసురుకు సందులో పోతున్న ఒక పెద్దాయన టోపీ లేచొచ్చింది. వారం తిరిగేసరికి సందంతా అతన్ని 'గాలం సారు' అనడం మొదలుపెట్టింది. అతను దాన్ని బిరుదనుకున్నాడు.

ఆ చేప గురించి అతను చెప్పిందంతా నోరు తెరుచుకుని విన్నది ఒక్క అత్తగారే. కాచిగూడలో కొడుకు రత్నాకర్ దగ్గరుండే సునందమ్మకు అల్లుడి మాటంటే వేదం. కూతురికీ అల్లుడికీ తగువొస్తే ఆవిడ కళ్ళు మూసుకుని అల్లుడి పక్షం చేరిపోతుంది. అల్లుడు చేసిచ్చిన అద్దాలు పెట్టుకున్నాకే తనకు లోకం కనబడిందని పదిమందిలో చెబుతుంది.

మే నెలాఖరున ఒక రాత్రి అన్నం దగ్గర విద్యాసాగర్ సంగతి బయటపెట్టాడు. సముద్రానికి పోతున్నానన్నాడు. అనసూయ చేతిలో గరిటె ఆగింది.

"ఎవలెవలం పోతున్నం?"

"నేనొక్కన్నే. ఇది వేట, షికారు గాదు."

"మరి కొట్టు?"

"ఫణికుమార్ చూస్కుంటడు."

"ఇరువై ఏండ్ల సంది ఫణికుమార్ ఏడికి పోయిండు?"

జవాబు లేనప్పుడు గొప్పలకు దిగడం మగవాడి లక్షణం. మృగశిర కార్తె నాటికి తిరిగొస్తాననీ, ఆ రోజు అత్తమ్మకూ రత్నాకర్‌కూ తన చేత్తో పట్టిన చేప తినిపిస్తాననీ అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది.

"మిర్గం నాడు ఇంట్ల అందరం ఎవల చేప తింటమో, ఇగ మీద సముద్రానికి వాళ్ళే పోవాలె. మిగిలినోళ్ళు ఇల్లు, కొట్టు చూస్కోవాలె. సరేనా?"

అనసూయ గరిటె కింద పెట్టింది. "ఔ మల్ల. మా అమ్మ సాక్షి," అని అప్పటికప్పుడే ఫోను కలిపి, పందెం అక్షరం పొల్లుపోకుండా తల్లికి వినిపించింది. అల్లుడే గెలుస్తాడని సునందమ్మ ఫోనులోనే దీవించింది.

భీమిలిలో దిగిన విద్యాసాగర్‌కు మొదట కనబడ్డది సముద్రం కాదు, ఒడ్డున ఇసుక మీద వరసగా పడుకున్న పడవలు. నీళ్ళ మీద ఒక్కటీ లేదు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఇతని టోపీనీ, గాలం కర్రనూ, మెడలో దుర్భిణినీ ఎగాదిగా చూశాడు.

"ఏట బందు కదా బాబూ. చేపలు గుడ్లెట్టే కాలం. ఇంకో వారం దాకా పడవ దిగదు."

మృగశిరకు చేప తినాలని హైదరాబాదులో పసిపిల్లలకూ తెలుసు. ఆ రోజుల్లో తూర్పు సముద్రంలో వేట ఆపేస్తారన్న సంగతి మాత్రం ఎవరికి తెలుసు? మన చేపలు చెరువుల్లోంచి వస్తాయి, చెరువుకు సెలవుల్లేవు. విద్యాసాగర్ ఒక బండ మీద నిలబడి సాయంత్రం దాకా గాలం విసిరాడు. చివరకు ఒక చెప్పు పడింది. జత కోసం ప్రయత్నిస్తే అదీ దొరకలేదు. ఉత్త చేతులతో రైలెక్కి, దారి పొడుగునా అనసూయకు ఏం చెప్పాలా అని ఆలోచించాడు. నిజం ఒక్కటి తప్ప అన్నీ తట్టాయి.

మృగశిర నాటి తెల్లవారుజామున నాంపల్లిలో దిగి, ఇంటికి పోకుండా నేరుగా బేగంబజార్ చేపల మార్కెట్టుకు పోయాడు. తెలిసినవాళ్ళు గుర్తుపట్టకుండా మూతికి మాస్కు, తలకు టోపీ, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఆ మసకచీకట్లో నల్లద్దాలతో అతనికి చేపకూ చేటకూ తేడా తెలియడం కష్టంగా ఉంది. హాలిబట్ అంటే ఎవరికీ అర్థం కాలేదు. బల్లపరుపుగా ఉండే సముద్రం చేప కావాలని చేతులతో చూపిస్తే, ఐసులోంచి పళ్ళెమంత పాంఫ్రెట్ చేపను తీసి తక్కెట్లో వేశారు. అలవాటు చొప్పున ముక్కలు కొట్టబోతే విద్యాసాగర్ అడ్డం పడి, దాన్ని కన్నబిడ్డలా థర్మకోల్ డబ్బాలో పెట్టించుకుని బయటపడ్డాడు.

ఇంటికొచ్చేసరికి సందు సందంతా ఉబ్బసానికి వేసే చేపమందు కోసం వచ్చిన జనం. వాళ్ళలోంచి డబ్బా నెత్తిన పెట్టుకుని మెట్లెక్కిన అల్లుడికి సునందమ్మ గుమ్మంలోనే దిష్టి తీసింది. రత్నాకర్ ఫోను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అనసూయ తలుపు పక్కన నిలబడి ఏమీ అనలేదు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆమె ఏమీ అనకపోవడం అదే మొదటిసారి. అప్పుడే అతనికి అనుమానం రావలసింది.

డబ్బా మూత తీశారు. తెల్లగా, వెడల్పుగా చేప మెరిసింది. సునందమ్మ అద్దాలు సరిచేసుకుని వంగి చూసింది.

"రెండు కండ్లు ఒక్క దిక్కే ఉంటయన్నవు గద బిడ్డా. ఇంకోటేది?"

విద్యాసాగర్ చూశాడు. నల్లద్దాలు తీసి మళ్ళీ చూశాడు. ఒక్కటే కన్ను. రెండోది ఎక్కడుంటుందో అతనికి తెలుసు. ఎవరైనా చేపను తిరగేస్తే అందరికీ తెలుస్తుంది.

ఐసు పేరుకుపోయి కన్ను కనబడటం లేదన్నాడు. సముద్రం చేపకు ఇంట్లోకి రాగానే స్నానం చేయించాలన్నాడు. తనకూ స్నానం కావాలన్నాడు. ఎవరూ నోరు తెరవకముందే డబ్బాతో సహా బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు. చేపతో కలిసి స్నానానికి పోయిన అల్లుడు నాంపల్లి చరిత్రలో ఇతనొక్కడే అయి ఉండాలి.

లోపల ఒక మూల మూత పెట్టిన పెద్ద బకెట్టు ఉంది. మూత మీద ఇనప రోలు ఉంది. దాన్ని పట్టించుకునే తీరిక అతనికి లేదు. సంచీలోంచి సరంజామా తీశాడు. అద్దాల మరలు బిగించే సన్నటి స్క్రూడ్రైవరు, పట్టకారులాంటి చిమ్టా, క్షణంలో పట్టేసే గమ్ము. చేపను బోర్లా తిప్పాడు. రెండో కన్ను అతని వంకే చూస్తోంది. ఇంతకాలం ఎంతోమంది కళ్ళు బాగుచేశాడు గాని, ఉన్న కన్ను ఊడదీయడం ఇదే మొదలు. ఆంజనేయస్వామిని తలుచుకుని చిమ్టా దించాడు.

సరిగ్గా కన్ను చేతిలోకొచ్చిన సమయానికి టప్ మని చప్పుడైంది. తలుపు కొట్టారనుకుని "వస్తున్నా" అని అరిచాడు. బయట ఎవరూ లేరు. కన్ను జారి తూము వైపు దొర్లింది. నేల మీద పాకి పాకి, తూము నోట్లో పడబోతుండగా దొరకబుచ్చుకున్నాడు. మళ్ళీ టప్ మంది. ఈసారి నిజంగానే రత్నాకర్ తలుపు దగ్గరకొచ్చి, స్నానం బావకా చేపకా అని అడిగాడు. ఆ తొందరలో గమ్ము ఒత్తితే చేప నుదురూ అతని బొటనవేలూ కలిసి అతుక్కుపోయాయి. పళ్ళ బిగువున గుంజితే వేలొచ్చింది గాని, దాంతో చేప తోలు ముక్క కూడా వచ్చింది. చివరకు రెండో కన్నును మొదటి కన్ను పక్కన పెట్టి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ అదిమి పట్టుకున్నాడు.

తడి తల తుడుచుకోకుండా పళ్ళెంలో చేపతో బయటికొచ్చాడు. ఇప్పుడు రెండు కళ్ళూ ఒకే పక్కన ఉన్నాయి. ఒకటి సీలింగు ఫ్యానును చూస్తోంది, ఇంకోటి రత్నాకర్‌ను చూస్తోంది. సునందమ్మ రెండు చేతులూ జోడించింది. రత్నాకర్ ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. ఆ కళ్ళ తీరు చూసి, దానికీ ఒక జత అద్దాలు ఇప్పించమని జనగామ నుంచి ఒక మేనమామ వెంటనే రాశాడు.

రత్నాకర్ లక్డీకాపూల్‌లో గుమాస్తా. ఏ కాగితమైనా వెనక్కి తిప్పి చూడనిదే వదలడు. చేప కింద చెయ్యి పెట్టబోయాడు. విద్యాసాగర్ ఆ చెయ్యి పట్టుకుని, పట్టిన చేపను తిరగేస్తే పట్టిన పడవ తిరగబడుతుందని సముద్రం మీద ఆచారమని చెప్పాడు. ఆ ఆచారం వయసు అప్పటికి అర నిమిషం.

"పడవ ఒడ్డు మీదనె ఉంటెనో?" అంది అనసూయ, పళ్ళెం అందుకుంటూ.

మామూలుగా అన్నదా, తెలిసి అన్నదా? విద్యాసాగర్ ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో ఏమీ కనబడలేదు. బాత్రూంలోంచి బకెట్టు కూడా పట్టుకుని ఆమె వంటింట్లోకి పోయింది. పోతూ పోతూ అంది.

"అమ్మకు తలకాయంటే పానం. తలకాయ పులుసు అమ్మకే."

ఇంతవరకు విద్యాసాగర్ భయం పరువు గురించి. తలకాయలో ఉన్న గమ్ము సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ సీసా మీద ఎర్ర అక్షరాలతో నోటికి తగలకూడదని రాసి ఉంటుంది. షాపులో తనే పదిమందికి చెబుతాడు. ఆ పులుసు తినబోయేది ఎవరో కాదు, ఈ లోకంలో తనను నమ్మే ఒకే ఒక్క మనిషి.

వంటింటి తలుపు దగ్గరికి పోయాడు. తలకాయ తానే కోస్తానన్నాడు. పట్టినవాళ్ళు వండకూడదని లోపలి నుంచి జవాబొచ్చింది. అది ఏ ఊరి ఆచారమని అడిగితే, నీ ఊరిదే అంది. తిరిగొచ్చి, సముద్రం చేప తలకాయ వేడి చేస్తుందని అత్తగారికి చెప్పాడు. తనకు వాతమనీ, వేడే కావాలనీ ఆవిడ సంతోషపడింది. లోపల నూనెలో మెంతులు చిటపటలాడిన చప్పుడొచ్చింది. మళ్ళీ పోయి, తలకాయ తనకే కావాలనీ, చిన్నప్పటి నుంచీ ఇష్టమనీ తలుపుకు చెప్పాడు. ఇరవయ్యేళ్ళలో ఎన్నడూ తలకాయ ముట్టని మనిషి. సునందమ్మ ఆ మాట విని, అల్లుడికే పెట్టమ్మా అని తన వాటా వదులుకోబోయింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"సగం సగం పెడ్త," అంది అనసూయ లోపలి నుంచి.

చింతపండు పులుసు వాసన ఇల్లంతా కమ్ముకుంది. రత్నాకర్ లొట్టలేస్తున్నాడు. విద్యాసాగర్ బొటనవేలికి అతుక్కున్న చేప తోలును గోకుతూ కూచున్నాడు. చెబితే పందెం పోతుంది, పరువు పోతుంది, సముద్రం పోతుంది. చెప్పకపోతే అత్తమ్మ దవాఖానకు పోతుంది. నాలుగుసార్లు నోరు తెరిచాడు, నాలుగుసార్లూ మంచినీళ్ళు తాగాడు.

విస్తళ్ళు వేశారు. ఎర్రటి పులుసులో తలకాయ సునందమ్మ ముందుకు వచ్చింది. విద్యాసాగర్ దాని వైపు చూడలేకపోయాడు. ఆవిడ చేతి వంకే చూస్తున్నాడు. అన్నం కలిపింది. తలకాయలోంచి ఒక తునక తీసింది. పట్టినవాడు మొదట తినాలి బిడ్డా అని, అతని వైపు చూసి, వద్దులే నీకు సగం ఉంది గదా అని ముద్ద తన నోటి దాకా ఎత్తింది.

"అత్తమ్మా, తినకు. దాని తలల గమ్ముంది."

ఆవిడ చెయ్యి ఆగింది. మిగతాదంతా అతని నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"సముద్రంల వేట బందుండె. నాకు చెప్పు దప్ప ఏం పడలే. చేప బేగంబజార్ల కొన్న. కన్ను నేనే పీకి ఇటుదిక్కు అతికించిన. నన్ను తిట్టు, కొట్టు, గాని అది తినకు."

రత్నాకర్ తన విస్తరిని మెల్లగా ముందుకు తోశాడు. సునందమ్మ చేతిలోని ముద్దను, విస్తట్లోని తలకాయను పరికించి చూసింది, అల్లుణ్ణి చూసింది. చూసి, ముద్ద నోట్లో పెట్టుకుంది.

విద్యాసాగర్ లేచి ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ నిదానంగా నమిలి మింగింది.

"కొర్రమీను తలకాయల గమ్మేడుంటది బిడ్డా?"

అప్పుడు చూశాడు అతను విస్తట్లోకి. పులుసులో ఉన్నది నల్లటి, పాము పడగలాంటి తలకాయ. హైదరాబాదులో పుట్టినవాడెవడూ పొరపాటు పడడానికి వీల్లేని కొర్రమీను తలకాయ. అటొక కన్ను, ఇటొక కన్ను, దేవుడు పెట్టిన చోటనే ఉన్నాయి. బాత్రూంలో రోలు కింద టప్ టప్ మన్నది ఏమిటో కూడా అప్పుడే తెలిసింది.

అనసూయ ఫ్రిజ్ తెరిచి పళ్ళెం తెచ్చి పెట్టింది. పాంఫ్రెట్ బోర్లా పడుకుని ఉంది. కన్ను ఉండవలసిన చోట బొక్క ఉంది.

"నువ్వు రైలెక్కిన దినమే టీవీల చెప్పిన్రు, వేట బందని. సముద్రాన్ని నమ్ముకుంటె మిర్గం ఎల్లిపోతదని నిన్ననె బతికున్న కొర్రమీను తెచ్చి బకెట్ల పెట్టిన. వాపసొచ్చి నిజం చెప్తవేమో అని సూసిన. స్నానానికి పోయినవ్."

"మరి గప్పుడే అడగకపోయినవ్?"

"అడుగుదును. గమ్ము తలకాయ మా అమ్మ నోట్లకు పోతుంటె ఊకుంటవో లేదో సూడాలె గదా."

విద్యాసాగర్ సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఊకోలే గదనే," అంది సునందమ్మ, రెండో ముద్ద కలుపుతూ. ఆవిడ ఇప్పటికీ అల్లుడి పక్షమే. అది విన్నాక అతనికి ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

అనసూయ అతని విస్తట్లో సగం తలకాయ వేసింది. తలకాయంటే చిన్నప్పటి నుంచీ ఇష్టమన్న మనిషి నోరెత్తకుండా తినాల్సి వచ్చింది. అతను తింటున్నంతసేపూ ఆమె ఎదురుగా కూచుంది. అందరూ చేతులు కడుక్కున్నాక ఒక్క మాటే అడిగింది.

"ఇయ్యాల అందరం ఎవల చేప తిన్నం?"

సాక్షి ఎదురుగానే ఉంది. విద్యాసాగర్ ముళ్ళు మాత్రమే మిగిలిన విస్తరిని చూసుకుని, "నీదే," అన్నాడు.

చలికాలం రాగానే అనసూయ తల్లిని వెంటబెట్టుకుని భీమిలి పోయింది. పందెం ప్రకారం ఇల్లూ కొట్టూ చూసుకుంటూ విద్యాసాగర్ నాంపల్లిలో ఉండిపోయాడు. ఫణికుమార్ సాయం అడుగుదామంటే, అతను వేటకు గోదావరి పోయాడని తెలిసింది. గాలం కర్ర మాత్రం ఖాళీగా లేదు. రెండో అంతస్తు బాల్కనీ నుంచి కూరగాయల బుట్ట దించడానికి దాన్ని మించినది లేదని అనసూయ పోయే ముందే కనిపెట్టి, కొక్కేనికి బుట్ట తగిలించి పోయింది.

ఆ ఉదయం అతను బుట్ట దించి నిలబడ్డ సమయానికి ఫోను మోగింది. అవతల అలల హోరు. అనసూయ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"ఏమయ్యా, సముద్రం సూడనీకె రెండు కండ్లు సాల్తలెవ్వు."

ఆ గొంతు విని అతనికి గుండె తడైంది. ఇరవయ్యేళ్ళు కొట్టు పేరు చెప్పి ఈ గొంతును ఆపింది తనే. ఏదైనా మంచి మాట చెబుదామని వెతుక్కుంటుండగా ఫోను సునందమ్మ చేతిలోకి పోయింది.

"ఔ బిడ్డా, సాల్తలెవ్వు. నీ దగ్గర గమ్ముంది గద, ఇంకోటి అతికించి పంపియ్యి."

వెనక అనసూయ పగలబడి నవ్వడం వినబడింది. విద్యాసాగర్ ఏదో అనబోయేలోగా గాలం కొస వంగి, కింది నుంచి ఎవరో దారం గుంజారు. కొత్తిమీర పడింది. అతను ఫోను భుజానికి అదిమిపట్టి చక్రం తిప్పడం మొదలుపెట్టాడు.